కిటికీ ముందు బోర్డు

వీరాచారికి ధ్యానం కుదరడం లేదు. కళ్ళు మూసుకుంటే చాలు, మున్సిపల్ ఆఫీసు కనిపిస్తోంది.

గురువమ్మ మఠంలో పొద్దున్నే శిష్యులంతా గోడవారగా కూర్చుని ఊపిరి మీద మనసు నిలుపుతారు. వీరాచారి కూడా కూర్చుంటాడు. కాసేపటికి ఊపిరి చప్పుడు కాస్తా కాయితం మీద ముద్ర గుద్దే చప్పుడవుతుంది. మఠం గోడలు మెల్లగా జరిగిపోయి, మఠమే పొడుగాటి వరండా అవుతుంది. వరండా నిండా బల్లలు. ఏ బల్ల దగ్గరికి వెళ్ళినా "పక్క బల్లకు పో" అంటారు. ఎంత నడిచినా ఆఖరి బల్ల రాదు. ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే ఎదురుగా గురువమ్మ, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది.

అతనిది బోర్డులు బిగించే పని. దుకాణాలకి పేరు బోర్డులు చేసి, నిచ్చెన వేసి గోడకి బిగించి, లైటు వెలిగించి దిగుతాడు. వెనకటికి దుకాణం వాళ్ళు సరేనంటే సరిపోయేది. ఇప్పుడు ఏ బోర్డు పెట్టాలన్నా మున్సిపాలిటీ పర్మిషన్ కావాలి. కొలతలు, ఫొటోలు, ఇంటి ఓనరు సంతకం, ఇంజనీరు సర్టిఫికెట్, ఆపైన ఏటేటా ఫీజు. హైవే మీద సెల్‌ఫోన్ కంపెనీ నిలబెట్టే ఇల్లంత బోర్డుకీ, మంగలి షాపు నెత్తిన పెట్టే పలకకీ అవే కాయితాలు. కంపెనీకి కాయితాలు తిప్పే మనుషులుంటారు. వీరాచారికి వీరాచారే ఉన్నాడు. ఆఫీసులో నిలబడ్డ రోజు పని పోయినట్టే. దుకాణాల వాళ్ళు ఎదురుచూసి ఎదురుచూసి పట్నం ఏజెన్సీల వైపు మళ్ళిపోతున్నారు.

ఒక చలికాలం పొద్దున, మిగతా శిష్యులు వెళ్ళిపోయాక, అతను తన దుకాణం తాళంచెవి తెచ్చి గురువమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

"అమ్మా, దుకాణం మూసేస్తున్న. నన్ను ఇక్కడ్నే ఉంచుకోండ్రి. వాకిలి ఊడుస్త, నీళ్ళు మోస్త."

"ఎందుకు బిడ్డా?"

"ఇసిగిపోయిన. పలక బిగించాలన్నా ఇంకొకరిని అడగాలె. ఎంత కాలమని అడుగుత? అడిగే పని లేని చోట బతుకుత."

గురువమ్మ పొయ్యి ఊదడం ఆపింది. "ఆఖరుకు బోర్డు ఏడ పెట్టినవ్?"

వీరాచారి తల దించుకున్నాడు. మళ్ళీ తనే ఎత్తాడు.

"పాత బస్టాండ్ మూల మీద, సరోజన టైలర్ షాపుకు. పర్మిషన్ రాలే. ఆమె ఆగలేనన్నది, నేను గూడ ఆగలే. పీకితే పీకనీ అని నిన్న పొద్దుగూకంగ బిగించేసిన." అతని గొంతులో కోపం పోయి ఇంకేదో వచ్చింది. "కాని అమ్మా, నా చేతుల మీద అసుంటి బోర్డు ఎన్నడు రాలే."

"అయితే చూడాలె. పా."

ఆమె కొంగు చెవుల మీదుగా కప్పుకుంది. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "ఆ తాళంచెవి తెచ్చుకో. తొవ్వల నిచ్చెన తీసుకుందాం," అంది.

ఊరు ఇంకా మంచులోనే ఉంది. వాగు మీంచి లేచిన మంచు వీధుల్లోకి వచ్చి, ఇంటింటి అరుగు మీదా కాసేపు కూర్చుని పోతున్నట్టుంది. సైకిలు గంట వినిపించింది గానీ సైకిలు కనపడలేదు. ఎవరో దగ్గారు, ఎవరో బకెట్టు దించారు. మనుషులు లేని చప్పుళ్ళు. దారిలో దుకాణం తెరిచి తీసుకున్న నిచ్చెన భుజాన వేసుకుని నడుస్తుంటే వీరాచారికి తను దాన్ని ఏ గోడకో కాదు, ఉత్త తెలుపుకే ఆనించబోతున్నట్టు అనిపించింది. ముందు నడుస్తున్న గురువమ్మ ఒకసారి కనపడుతోంది, ఒకసారి మాయమవుతోంది.

పాత బస్టాండ్ మూల తిరగ్గానే బోర్డు కనిపించింది. గోడ లేదు, దుకాణం లేదు, మంచులో గులాబీ రంగు అక్షరాలు మాత్రం తేలుతున్నాయి. సూది, సూదిలోంచి జారిన దారం, ఆ దారమే మెలికలు తిరిగి సరోజన పేరయింది. రాత్రంతా వెలుగుతూనే ఉన్నట్టుంది.

"ఎట్లుందమ్మా?"

"మస్తుగుంది," అంది గురువమ్మ, నిజంగానే.

ఇద్దరూ మూల మీద మూసి ఉన్న టీ కొట్టు బెంచీ మీద కూర్చున్నారు. వీరాచారి తన బోర్డుని తనే చూసుకుంటూ కూర్చున్నాడు. పొద్దెక్కింది. మంచు పలచబడి, ముందు సన్‌షేడ్, తర్వాత దాని అంచున నిలబెట్టిన ఇనప ఫ్రేము, ఆ తర్వాత వెనకున్న మేడ గోడ తేలాయి.

అప్పుడు బోర్డుకీ గోడకీ మధ్య సందులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది.

ముసలి చెయ్యి. ఆకుపచ్చ గాజులున్నాయి. వానొస్తోందా అని చూసేవాళ్ళలా అరచెయ్యి పైకి తిప్పి ఉంది. కాస్త ఇటు జరిగింది, కాస్త అటు జరిగింది. దేనికోసమో వెతికింది. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది.

వీరాచారికి తను కూర్చునే నిద్రపోయాడేమో అనిపించింది.

"అమ్మా... గోడలకెళ్ళి చెయ్యి వస్తున్నది."

"గోడ గాదు బిడ్డా. కిటికి."

కిటికీని అతను నిన్న చూశాడు. తలుపులు మూసి ఉన్నాయి. పాత సామాన్లు పడేసుకునే గది అనుకున్నాడు. ఓనరు సంతకం పెట్టాడు, సరోజన సరేనంది. ఇక అడగడానికి ఎవరున్నారు?

ఎండ పడని పక్క సందులోంచి మేడమెట్లు ఉన్నాయి. పైన గది తలుపు బార్లా తెరిచి ఉంది. వీరాచారి గబగబా లోపలికి పోబోయాడు. గురువమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. గడప ఇవతలే నిలబడి పిలిచింది.

"అక్కా, లోపలికి రావచ్చునా?"

జవాబు లేదు. ఆమె మళ్ళీ పిలవలేదు. కదలలేదు. వీరాచారి కాలు మార్చి కాలు మీద నిలబడ్డాడు.

"ఎవరు?" లోపల చీకట్లోంచి గొంతు వచ్చింది. "తలుపు తెరిచే ఉన్నది గద."

"తెరిచే ఉన్నది. అందుకే అడుగుతున్న."

లోపల ఎవరో లేచిన అలికిడి. తర్వాత చాప పరిచిన చప్పుడు.

"రాండ్రి."

ఆమె పేరు జైనబీ. బీడీలు చుట్టి బతుకుతుంది. గదిలో బల్బు ఉంది గానీ ఆమె కళ్ళకి పొరలొచ్చాయి. బల్బు కింద ఆకు నరాలు కనపడవు. ఎండ కిటికీలోంచి వచ్చి చాట మీద పడితేనే ఆమెకి పని సాగుతుంది. చాటలో ఆకులు, తంబాకు, దారం, ముట్టుకోకుండా ఉన్నాయి.

"ఇయ్యాల తెల్లారనే లేదమ్మా," అంది జైనబీ గురువమ్మతో. "లేచిన, మళ్ళ పండుకున్న, మళ్ళ లేచిన. కిటికి తెరిస్తే అంత బూడిద లెక్క. చెయ్యి పెట్టి చూస్తే సల్లగుండె. ఇంత మంచు నేనెన్నడు చూడలే. ఎప్పుడు పోతదో ఏమో."

గురువమ్మ జైనబీ వైపు చూడలేదు, వీరాచారి వైపూ చూడలేదు. చాటలోంచి ఒక ఆకు తీసి ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ కూర్చుంది.

వీరాచారి చాప మీంచి లేచాడు.

"అది మంచు గాదు అవ్వా," అన్నాడు. "నేనే."

మెట్లు దిగి నిచ్చెన ఎక్కాడు. నిన్న సాయంత్రం పళ్ళు బిగబట్టి బిగించిన బోల్టులు ఒక్కొక్కటే ఊడదీశాడు. బోర్డు ఒక పక్కకి వంగగానే ఎండ అతని భుజం మీదుగా గదిలోకి పోయింది. జైనబీ ముఖం అటు తిప్పి, కాసేపు అలాగే ఉంది. తర్వాత కత్తెర అందుకుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

అతను నిచ్చెన మీది నుంచే అడిగాడు. "అవ్వా, ఏడిదాక పెట్టుకుంటే నీకు అడ్డం గాదు?"

ఆమె ఊచల్లోంచి చెయ్యి కిందికి చాపి, గోడ మీద అరచెయ్యి ఆనించింది. "గీడిదాక."

ఆ చేతి కింద అతను సుద్దతో గీత గీశాడు.

అప్పటికి సరోజన వచ్చింది. దింపిన బోర్డునీ, గోడ మీది సుద్దగీతనీ చూసి లబోదిబోమంది. "పైన కోస్తే నా పేరు చిన్నగైతది గదనే అన్నా! ఇప్పటికే నా దుకాణమేదో ఎవరు ఎరుగరు." కోపంగా మెట్లెక్కి పైకి పోయింది. దిగేటప్పుడు మాత్రం నింపాదిగా దిగింది. దుకాణం తాళం తీస్తూ, "చిన్నగనే రాయి," అంది.

తిరిగి వస్తూ దారిలో వీరాచారి అన్నాడు: "ఆఫీసోళ్ళు ఎన్ని అడిగిన్రమ్మా. గోడ మందమెంత, వైరు ఏడికెళ్ళి వస్తది, రంగేంది. ఈ ఒక్కటి మాత్రం అడగలే."

"కాయితం మీద కిటికిలుండవు బిడ్డా," అంది గురువమ్మ.

మర్నాడు అతను కొత్త కొలతలు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. బల్ల ముందు కూర్చున్న గుమాస్తా, ఇంకా టీ తాగని ముఖంతో, కాయితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొలత మారితే ఫైలు మారుతది. పాతది చెల్లది. ఫీజు మళ్ళ కట్టాలె, మళ్ళ మొదటి నుంచి రావాలె."

"కొలత తగ్గింది గద సార్! పెరగలే గద!"

"తగ్గినా మారినట్టే."

వీరాచారి కాయితం విసురుగా లాక్కున్నాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, మొదటి బల్ల ముందున్న బెంచీ దగ్గరికి నడిచాడు. బెంచీ మీద తోపుడుబండి లైసెన్సు కోసం వచ్చిన పెద్దాయన, ఇంకెవరెవరో కూర్చుని ఉన్నారు. పెద్దాయన పక్కన కొంచెం చోటుంది.

"ఇక్కడ కూసోవచ్చునా?" అని అడిగాడు వీరాచారి.

పెద్దాయన ఆశ్చర్యంగా తలెత్తి చూసి, ఇంకొంచెం జరిగాడు.

ఆ సాయంత్రం అతను మఠానికి వచ్చేసరికి గురువమ్మ అరుగు మీద కూర్చుని వాగు వైపు చూస్తోంది. ఆకాశం ఇంకా ఏ రంగులోకీ పోకుండా మధ్యలో ఆగి ఉంది.

"మళ్ళ మొదటికొచ్చిన అమ్మా. మళ్ళ అన్ని బల్లలు తిరగాలె."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది. ఇంక పోలే."

"ఉండనీ. వాళ్ళ తప్పు వాళ్ళకు చెప్పేతందుకు గావాలె."

కొంగలు రెండు వాగు మీదుగా పోయాయి. అవి కనుమరుగయ్యేదాకా చూసి, ఆమె అడిగింది.

"ముందుగాల తిరిగినప్పుడు నీ ఎంట ఎవరుండిరి?"

"ఎవరు లేరమ్మా. నా కోసం నేనొక్కణ్నే తిరిగిన."

"ఇప్పుడు?"

వీరాచారి జేబులోంచి కొత్త కొలతల కాయితం తీశాడు. జైనబీ చెయ్యి పెట్టిన చోటుకి గీసిన గీత మీద వేలు పెట్టి, "అవ్వ ఉన్నది," అన్నాడు. ఆమె పక్కనే అరుగు మీద కూర్చుని, చీకటి పడేదాకా లేవలేదు.