గట్టు అలికిన అచ్చియ్యమ్మ

అనగా అనగా గోదారి లంకల్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మకు ఒక చిన్న వంగతోట. మామూలు వంగ కాదు, వాళ్ళమ్మ ఇచ్చిన చారల వంగ. ఆ విత్తనం ఇంకెవరి దగ్గరా లేదు. ఉన్న గుప్పెడూ ఆ ఏడే నారు పోసేసింది. ఒక్క కాయైనా పండకపోతే ఆ జాతి అక్కడితో సరి.

అచ్చియ్యమ్మకు శుభ్రత పిచ్చి. అందరూ వాకిలి అలుకుతారు, ఆవిడ పొలం గట్టు కూడా పేడతో అలికేది. ముగ్గు పెట్టడమొక్కటే తరువాయి!

ఆ గట్టులో ఒక చిన్న తేనెటీగ బొరియ తవ్వుకుంది. దానికి రాణీ లేదు, దండూ లేదు. తానే తవ్వాలి, తానే పుప్పొడి ముద్ద చేసి దాని మీద గుడ్డు పెట్టాలి, తానే తలుపు మూయాలి.

అచ్చియ్యమ్మ అలకడానికి వచ్చింది. "అమ్మా, లోపల నా బిడ్డ ఉంది," అని బతిమాలింది ఈగ.

"బొరియలో బిడ్డేమిటే! గట్టంతా గుల్ల చేస్తున్నావు," అని అలికేసింది.

ఈగ మరోచోట తవ్వింది. అదీ అలికేసింది. మూడోసారి గట్టు చివర తవ్వింది. అక్కడా ఓ పూత పూసి చేతులు కడుక్కుంది. ఈగ పక్క చేలోకి ఎగిరిపోయింది.

తోట నిండా ఊదారంగు పూత వచ్చింది. పూసిన పువ్వు పూసినట్టే రాలింది. ఎరువు వేసింది, రాలింది. నీళ్ళు పెట్టింది, రాలింది. చివరికి మామిడికొమ్మ మీది తేనెపట్టు ఈగలను పిలిచింది.

వాటిలో పెద్దది పువ్వు మీద వాలి మూతి ముడిచింది. "ఇందులో తేనె చుక్క లేదు. పుప్పొడేమో గొట్టాల్లో బిగిసి ఉంది. పువ్వును పట్టుకుని ఒళ్ళంతా జుమ్మని అదిరిస్తేనే రాలుతుంది. ఆ విద్య మాకు రాదమ్మా."

"మరి ఎవరికి వచ్చు?"

"నువ్వు గూడు పూడ్చి తరిమేశావే, ఆ చిన్నదానికి."

అచ్చియ్యమ్మ గట్టు దగ్గరికి పరుగెత్తి గోళ్ళతో పేడ పెళ్ళలు పెకలించింది. రెండు బొరియల్లోకి పేడనీళ్ళు దిగి గుడ్లు పాడైపోయాయి. ఆవిడ అక్కడే కూలబడి ఏడ్చింది. మూడోది మాత్రం పొడిగా, క్షేమంగా ఉంది.

"తప్పయిపోయిందే తల్లీ, రావే!" అని కేకేసింది.

ఈగ వచ్చింది. "పోయిన బిడ్డల్ని నువ్వు తేలేవు, నేనూ తేలేను. ఇకమీద ఈ గట్టు జోలికి రాకు. పువ్వుల సంగతి నేను చూసుకుంటాను," అంది.

మర్నాడు పొద్దున్నే తోటంతా జుమ్మంది. పిందె పడింది, కాయ ఎదిగింది. తొలికాయను అచ్చియ్యమ్మ కోయకుండా పసుపుపచ్చగా పండనిచ్చింది. ఆ పండు చీల్చి విత్తనాలు కడుగుతున్న రోజునే మూడో బొరియ తలుపు తోసుకుని ఓ కొత్త ఈగ తల బయట పెట్టింది.

అందుకే పిల్లలూ, ఒకరి గూడు పూడిస్తే మన కూడే పోతుంది.