వల వెనక నుంచి

దైవసహాయం మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు దొరకదు. బొల్లారంలో ఆయన దగ్గర ఫుట్‌బాల్ నేర్చుకున్న వాళ్లందరికీ ఇది అనుభవమే. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, ఈల మెడలో వేసుకుని, సాయంత్రం గ్రౌండ్‌కు రమ్మనేవారు. అంతటితో సరి. అడిగినవాడికి ఒళ్లు మండేది. నాకైతే చాలాసార్లు మండింది.

ఏలియా అడిగిన రోజున మాత్రం ఆయన ముఖం కూడా చూడలేదు. మాస్టారి శిష్యుల్లో భారత జట్టు గోల్‌కీపర్ దాకా ఎదిగినవాడు ఏలియా ఒక్కడే. కణతల దగ్గర జుట్టు నెరిసేదాకా ఆ గోల్ ముందు నిలబడి, ఆ వేసవిలోనే, ఇక దేశం తరఫున ఆడనని ప్రకటించాడు. దండలు వేశారు, శాలువాలు కప్పారు, అతనూ నవ్వుతూ చేతులు జోడించాడు. అతని స్థానంలోకి మొయిన్ వెళ్లాడు. మొయిన్ కూడా మా గ్రౌండ్‌లో పెరిగినవాడే. ఏళ్ల తరబడి ఏలియా పక్కనే సాధన చేసి, అతను ఆడుతుంటే బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూశాడు. తీరా వంతు వచ్చాక తొలి మ్యాచ్‌ల్లో తడబడ్డాడు. ఇంకేముంది, భారత జట్టు వాళ్ల నుంచి ఏలియాకు ఫోన్ వచ్చింది. మనసు మార్చుకుంటే చోటు సిద్ధంగా ఉందట, రేపటిలోగా చెప్పాలట.

"పోనా సార్?" అని అడిగాడు ఏలియా. "పొద్దున లేవంగనే కాళ్లు గ్రౌండ్ దిక్కే పోతున్నయ్. టీవీల మ్యాచ్ వస్తే కూసుండలేకపోతున్న. చేతులు ఇంకా మంచిగనే ఉన్నయ్."

అంత పెద్ద ఆటగాడు ఇంట్లో అనుమతి అడిగే పిల్లాడిలా అడిగాడు. మాస్టారు బూటు లేసులు కట్టుకుంటూనే, "సాయంత్రం మొయిన్ ఆడ్తున్నడు. గోల్ ఎనక కూసోని చూడు" అన్నారు.

సెలవుకు ఇంటికొచ్చిన మొయిన్ ఆ సాయంత్రం తనూ ఏలియా ఆడిన పాత క్లబ్ తరఫున ఆడాడు. రిఫరీ మాస్టారే. ఏలియాకు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, మొయిన్ గోల్ వెనక, వలకు బాగా దగ్గరగా వేయించారు. నేను ఆ పక్కనే నిలబడ్డాను.

ఆట తెలియనివారికి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గోల్ ముందుకు బంతి ఎత్తుగా వచ్చినప్పుడు, దాన్ని తాను అందుకోగలననుకుంటే కీపర్ 'నాదే' అని అరుస్తాడు. ఆ మాట చెవిన పడగానే ముందు కాపలా కాసే ఆటగాళ్లు, అంటే బ్యాక్‌లు, బంతిని వదిలేసి పక్కకు జరగాలి. వెనక్కి తిరిగి చూడకూడదు, అనుమానించకూడదు. అనుమానిస్తే ఒకరినొకరు గుద్దుకుంటారు, బంతి ఎవరికీ దక్కదు. ఏలియా 'నాదే' అంటే గ్రౌండ్ అవతలి రోడ్డు దాకా వినపడేది. మా బ్యాక్‌లు ఆ ఒక్క మాట మీద నిశ్చింతగా ఆడారు.

మొదట్లో ఏలియా బుద్ధిగానే కూర్చున్నాడు. కాసేపటికి కుర్చీ అంచుకు వచ్చాడు, ఆ తర్వాత లేచాడు. మొయిన్ ఎటు జరిగితే వల వెనక తానూ అటు జరుగుతున్నాడు. నాకు మొదట నవ్వొచ్చింది, తర్వాత అటు చూడబుద్ధి కాలేదు. అంతలో కుడి మూల నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. మొయిన్ సరిగ్గానే అంచనా వేశాడు. గీత వదిలి ముందుకొచ్చి, చేతులు లేపి, నోరు తెరవబోయాడు.

"నాదే!" అని అరిచాడు ఏలియా.

కావాలని అరవలేదు, పాపం. ఆ గొంతు వినగానే బ్యాక్‌లు ఎప్పటిలాగే పక్కకు తప్పుకున్నారు. మొయిన్ కూడా లేపిన చేతులు దించేసి దారి ఇచ్చాడు. బంతి ఎవరూ లేని చోట నేల మీద పడి, ఒక్క గెంతు గెంతి, తీరిగ్గా గోల్‌లోకి దొర్లి వలను తాకి ఆగింది. మాస్టారు ఈల ఊది గోల్ ఇచ్చేశారు. ఇదేం న్యాయమని ఎవరో గొణిగినా వినిపించుకోలేదు. ఇలా అవుతుందని ఆయనకు ముందే తెలుసా అని మేము తర్వాత చాలాసార్లు వాదించుకున్నాం. ఆయనకు ఏలియా సంగతి తెలుసు, అంతవరకే అని నా నమ్మకం.

చూసేవాళ్లు నవ్వారు. మొయిన్ నవ్వలేదు, కోపగించుకోలేదు. బంతి కోసం వచ్చి, వల అవతల నిలబడి ఉన్న ఏలియాను చూశాడు.

"మీరొస్తున్నరనుకున్న, అన్నా" అన్నాడు.

ఏలియా వల కన్నాల్లోంచి వేళ్లు పెట్టి బంతిని అతని వైపు తోయబోయాడు. అది కొంచెం కదిలి మళ్లీ వచ్చి వలకే ఆనుకుంది. మొయిన్ వంగి తీసుకెళ్లాడు.

ఆట ముగిసింది. కుర్రాళ్లు సైకిళ్లెక్కి వెళ్లిపోతున్నారు, మొయిన్ అవతలి గోల్ దగ్గర వల ముడులు విప్పుతున్నాడు. ఏలియా తిరిగి కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. మాస్టారు వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఫోన్ చేసి రానని చెప్త సార్" అన్నాడు ఏలియా. కళ్లు తడిశాయి, దాచుకోలేదు. "కానీ ఈ ఆశ సావదు. బంతి పైకి లేస్తే నాదే అనిపిస్తది. ఏం చెయ్యాలె?"

"ఎందుకు సావాలె? ఉండనియ్" అన్నారు మాస్టారు. మొయిన్ వైపు, వెళ్తున్న కుర్రాళ్ల వైపు చూసి, మెడలోంచి ఈల తీసి జేబులో వేసుకున్నారు.

"వాళ్లింకా నీ మాట ఇంటున్నరు ఏలియా. ఏం చెప్పాల్నో నువ్వే చూస్కో."