సింగారి వేసిన ముడి

అనగనగా ఒక రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్ళిద్దరూ బుద్ధిమంతులని వాళ్ళే చెప్పుకునేవారు. మూడోవాడు గుణశేఖరుడు. ఆ పేరు పెట్టిన పురోహితుడు ఇప్పటికీ సిగ్గుపడుతుంటాడు. బారసాలనాడే పిల్లవాడు ఆయన ఉంగరం లాగేసుకున్నాడు మరి. పెద్దయ్యాక కూడా అంతే. ఎవరింట్లో బెల్లం పోయినా జనం నేరుగా కోటకే వచ్చేవారు.

ఒక ఏడు మాంత్రికుడొకడు ఆ రాజ్యపు వానమబ్బులన్నీ ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల తన పెరట్లో కట్టేసుకున్నాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. దాన్ని తెస్తానని పెద్దవాడు వెళ్ళాడు, రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, రాలేదు. ఇక మిగిలింది గుణశేఖరుడే.

దూరం వెళ్ళేవాడి ఉత్తరీయానికి కావలసినవాళ్ళు తలో ముడి వేయడం ఆ ఊరి ఆచారం. తిరిగొచ్చాక వేసినవాళ్ళే విప్పాలి. పట్టుబట్ట నలుగుతుందని అన్నలు ఒక్క ముడీ వేయించుకోలేదు. గుణశేఖరుడికి మాత్రం వాళ్ళమ్మ మొదలుకొని ఊరంతా వరసకట్టింది. ప్రేమకొద్దీ అని ఒక్కరూ ఒప్పుకోలేదు.

"నా బెల్లపు కుండ ఇవ్వాలి, అందుకు రా," అని నరసమ్మవ్వ ముడి బిగించింది. సాలెవారి సింగారి చివరి ముడి వేసింది. అంత చిన్న ముడికి అంతసేపు ఎందుకు పట్టిందని వీధివీధంతా చెప్పుకుంది.

ఒక ముసలి తాబేలు అతన్ని ఏడు సముద్రాలూ దాటించి, మాంత్రికుడి ఇంట్లో తనది కానిది పట్టుకున్నవాడు రాయైపోతాడని చెప్పింది. మాంత్రికుడు బయటికి ఈడ్చి పడేసిన అన్నలిద్దరూ వాకిట్లో రాళ్ళై ఉన్నారు.

మొదటి గదిలో బంగారు మామిడిపళ్ళు. చెయ్యి దురద పెట్టింది. అవ్వ ముడి తడుముకుని దాటాడు. రెండో గదిలో ముత్యాల పావుకోళ్ళు. చెయ్యి ఇంకా దురద పెట్టింది. అమ్మ ముడి తడుముకుని దాటాడు. మూడో గదిలో చిలక. పంజరం తలుపు తీసే ఉంది. గుణశేఖరుడు రెండు చేతులూ ఉత్తరీయంలో చుట్టేసుకుని కూర్చున్నాడు.

"మీ అన్నలు రాగానే పట్టుకున్నారు. నువ్వేం?" అంది చిలక.

"పట్టుకోవాలనే ఉంది. కానీ నేను రాయైపోతే ఈ ముళ్ళు విప్పేవాళ్ళు వాకిళ్ళలో నిలబడే ఉండిపోతారు."

చిలక పంజరం గుమ్మం దాకా వచ్చింది. "తలుపు తీసే ఉన్నా నాకు వెళ్ళే చోటు లేదు. మీ ఊళ్ళో నాకూ ఎవరైనా ముడి వేస్తారా?"

"నరసమ్మవ్వ వేస్తుంది. తిడుతూ వేస్తుంది."

చిలక తనంతట తానే ఎగిరొచ్చి అతని భుజమెక్కింది. అది గడప దాటగానే రాళ్ళు అన్నలయ్యాయి, మబ్బులు కట్లు తెంపుకున్నాయి. ప్రాణం ముందు పోతుంటే మాంత్రికుడు ఆయాసపడుతూ వెనక పరిగెత్తుకొచ్చాడు.

ఊళ్ళో నరసమ్మవ్వ ఆ మాంత్రికుణ్ణి చూసి, "ఎవరబ్బాయివిరా? అన్నం తిన్నావా?" అంది. ఆ మాట వాడినెవరూ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు వానలు వాడే చూసుకుంటున్నాడు. ఒకసారి చిన్న మబ్బును చంకలో పెట్టుకోబోతే, ఎదురింటి అరుగు మీద అవ్వ దగ్గింది. వెంటనే వదిలేశాడు.

ముళ్ళన్నీ విప్పారు. సింగారి ముడి మాత్రం రాలేదు. ఆమె గట్టిగా ప్రయత్నించిందీ లేదు. దానికే ఆమె కొంగు కలిపి, జోరువానలో పెళ్ళి చేశారు. వాళ్ళు మనవల మనవలను చూసేదాకా రాజ్యమేలారు. పెళ్ళి చేయించింది ఆ పురోహితుడే. ఉంగరం ఇంట్లో పెట్టి వచ్చాడు.