అడ్డంగా నిలబడ్డావిడ

ఏడో గదిలోని ముసలావిడ వెనక్కి వెళ్లనంటోంది.

ముప్పై ఏళ్ల కిందటి వీడియో గేమ్ అది. దీపం పట్టుకున్న చిన్నపిల్ల ఏడు గదులు దాటాలి, అంతే ఆట. దాన్నిప్పుడు త్రీడీలో మళ్లీ విడుదల చేస్తున్నారు. బొమ్మలో ఏది దగ్గర, ఏది దూరమో తేల్చి, ఒక్కోదానికీ లోతు అంకె ఇవ్వడం కమలిని పని. అంకె పెద్దదయ్యేకొద్దీ, కళ్లద్దాల్లోంచి చూస్తే ఆ వస్తువు వెనక్కి పోతుంది. ఈ పనిలో ఆమెకెంత గర్వమంటే, దేవుడు పెట్టిన కొండల్ని కూడా ఇంకాస్త వెనక్కి జరపమనే రకం.

ఏడో గదిలో, చివరి గోడ దగ్గర, మనకు వీపు పెట్టి ఒక ముసలావిడ నిలబడి ఉంటుంది. కదలదు. ఆటలో ఆమెకు పనేమీ లేదు. ఎందుకు గీశాడో చెప్పడానికి గీసినాయన బతికి లేడు.

గోడకు నలభై ఇచ్చి, ఆమెకు ముప్పై తొమ్మిది ఇచ్చింది కమలిని. చూస్తే, ముసలావిడ తెర దాటి ఇవతల ఉంది. యాభై ఇచ్చింది. ఇంకో అడుగు ఇవతలికొచ్చింది. డెబ్భై ఇచ్చాక, జుట్టు ముడిలోంచి జారిన తెల్లవెంట్రుకలు కూడా కనిపించేంత దగ్గరికొచ్చింది. అంత పాత బొమ్మలో వెంట్రుకలు గీసే వీలే లేదు.

రేపు ఆట అప్పగించాలి. కింది అంతస్తులో ఉన్న ఉస్తాద్‌ను పిలుచుకొచ్చింది.

ఆమెకు ఈ పని నేర్పింది జిలానీ ఉస్తాదే. ఒకప్పుడు మల్లేపల్లిలో గేమ్ క్యాసెట్లు బాగుచేసేవాడు. క్యాసెట్ ఆడకపోతే అందరూ ఉఫ్‌మని ఊది మళ్లీ పెట్టేవాళ్లు. ఆయన మాత్రం దాన్ని కాసేపు చేతిలో పట్టుకుని ఊరికే కూర్చునేవాడు. ఏం చేస్తున్నావంటే, "అదేమంటుందో వింటున్నా" అనేవాడు.

"అడ్డంగా నిలబడింది ఉస్తాద్. ఎంత నెట్టినా పోవట్లేదు. చెరిపేస్తాను, ఒక్క మీట నొక్కితే చాలు."

ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని కమలినికిచ్చి, వెళ్లి తెర ముందు, ఆమెకు వీపు పెట్టి నిలబడ్డాడు.

కమలిని కళ్లద్దాలు పెట్టుకుంది. "కొంచెం పక్కకి జరగండి ఉస్తాద్. అడ్డం వస్తున్నారు."

"నేను ఆ గదిలో ఉన్నానా బేటీ?"

"లేదు. ఇటువైపున్నారు."

"ఏం చేస్తున్నాను?"

"ఆట చూస్తున్..."

ఉస్తాద్ వీపు పక్కనే ముసలావిడ వీపు ఉంది. ఇద్దరూ దీపం పట్టుకున్న పిల్లకేసే చూస్తున్నారు.

"చిన్నప్పుడు నువ్వు ఆడుతుంటే ఎవరు చూసేవాళ్లు?" ఉస్తాద్ ఇటు తిరక్కుండానే అడిగాడు.

"అమ్మమ్మ." అంది కమలిని. "ఎప్పుడూ టీవీకి అడ్డమొచ్చేది. ఆటలో బొమ్మ కింద పడితే చాలు, అయ్యో పిల్లా అనేది. జరగవే అని ఎంత అరిచేదాన్నో. ఇప్పుడు అరుద్దామన్నా లేదు."

ఉస్తాద్ పక్కకు తప్పుకుని, జాయ్‌స్టిక్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

కమలిని చెరిపేసే మీట జోలికి పోలేదు. ముసలావిడ భుజం పక్కనుంచి తెర కనబడేలా తన కుర్చీనే కొంచెం జరుపుకుని ఆడడం మొదలుపెట్టింది. గది సగం దాటాక పిల్ల కాలు జారి గోతిలో పడిపోయింది.

"అయ్యో పిల్లా."

మెల్లగా, దగ్గర్లోంచే వినబడింది. ఉస్తాద్ పెదాలు మూసే ఉన్నాయి. ఏడో గదికి ఇంకా శబ్దాలు పెట్టనేలేదు.

కమలిని కళ్లద్దాలు తీసేయబోయి, ఆగింది.

"భయపడకు," అంది ఆ తెల్లటి జుట్టు ముడికేసి చూస్తూ. "ఇంకో లైఫ్ ఉంది."