రాతిసందుకు అవతల అక్క

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను. ఈ కథలో ఆవగింజంత అబద్ధం ఉన్నా, నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ రేపు పొద్దున మజ్జిగన్నంలో ఊడిపడుగాక! ప్రతి మాటా నిక్కం. నమ్మనివాళ్ళు నమ్మకండి గానీ, మధ్యలో మాత్రం లేవకండి.

అనగా అనగా, చెరుకుగడలు మబ్బుల్ని గుచ్చేటంత ఎత్తు పెరిగే కాలంలో, చెరుకుకోట అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని మల్లపరాజు ఏలేవాడు. ఎంత మెత్తనివాడంటే, చీమ వచ్చి ఆయన కాలు తొక్కినా ఆయనే చీమకు దణ్ణం పెట్టేవాడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఏటా మాఘ పున్నమినాడు రాజును త్రాసులో కూర్చోబెడతారు. అవతలి పళ్ళెంలో బెల్లం దిమ్మలు పేరుస్తారు. రాజు ఎంత తూగితే అంత బెల్లం ఊరికి పంచుతారు. దిమ్మ ఒక్కోటి మణుగు. అంటే ఎనిమిది వీశెలు.

పట్టానికొచ్చిన ఏట మల్లపరాజు ఆరు దిమ్మలు తూగాడు. బెల్లం సగం వీధులకే చాలింది. కుమ్మరివీధి పిల్లలు ఖాళీ గిన్నెలు పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. రాజు త్రాసు దిగి వాళ్ళ దగ్గరికి వచ్చాడు.

"వచ్చే ఏటికి ఇంకాస్త తింటానర్రా, ఏడవకండి" అన్నాడు.

అనకూడని మాట అన్నాడు. మర్నాటినుంచి ఇంటింటినుంచీ రాజుగారికి ముద్దలు బయలుదేరాయి. నేతి గారెలొకరు, పాలతాలికలొకరు, పూర్ణాలొకరు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఆయన తిన్నాడు. జనం బెల్లం కోసం పెట్టారు, ఆయన జనం కోసం తిన్నాడు. ఏడేళ్ళు తిరిగేసరికి ఇరవై దిమ్మలయ్యాడు. ఆయన నడిస్తే పొరుగు రాజ్యంలో ఉట్లు ఊగేవి. కూర్చుంటే సింహాసనంలోని సింహాలు "అమ్మా" అని మూలిగేవి.

ఈ రాజుకొక అక్క ఉంది. గౌరాంబ. తల్లి పురిట్లోనే పోతే, పదేళ్ళ పిల్ల తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. పెనిమిటి పోయాక కోట ఎదుటనున్న దివ్వెకొండ ఎక్కి, శిఖరాన ఆరని దీపాన్ని కాస్తూ ఉండిపోయింది. రాజవంశపు ఆడపడుచు ఒకతె ఆ దీపాన్ని కాయాలి. పైకి వెళ్ళినామె మళ్ళీ దిగరాదు. అదీ కట్టడి.

"నేను దిగకూడదు గానీ నువ్వు ఎక్కవచ్చుగా. నెలకొకసారి కనబడి పోరా" అని చెప్పి వెళ్ళింది.

మొదట్లో వెళ్ళేవాడు. కానీ శిఖరానికి కాస్త దిగువన దారికి అడ్డంగా రెండు బండలున్నాయి. వాటి నడుమ సందే దారి. అక్క ఆ సందుదాకా రావచ్చు గానీ దాటరాదు. నూనె మోసే గాడిద పక్కలు గీసుకుంటూ దూరుతుంది, అంతే. పల్లకి పట్టదు. రానురాను రాజూ పట్టలేదు. అక్కను చూసి అప్పటికి మూడేళ్ళయింది.

ఆ గాడిద పేరు బూడిదమ్మ. రోజూ దీపానికి నూనె మోసేది. ఆ రోజుల్లో గాడిదలు మాట్లాడేవి. ఇప్పుడు మాట్లాడనిది మనం చెప్పనివ్వకనే.

ఒకనాడు బూడిదమ్మ కొండ దిగి తిన్నగా కొలువులోకి వచ్చింది.

"ప్రభూ, అక్కగారు చెప్పమన్నారు. కళ్ళు మసకబారుతున్నాయట. చూపుండగా తమ్ముడి మొహం ఒకసారి చూడాలని ఉందట."

మల్లపరాజు గుండె చెరువైంది. సింహాసనంమీంచి లేచి తొడ చరిచాడు. ఆ చప్పుడుకి మూడు ఊళ్ళవాళ్ళు వాన వస్తోందని వడియాలు తీసేసుకున్నారు.

"ఆరు దిమ్మల మనిషిగా పుట్టాను, ఆరు దిమ్మల మనిషినవుతాను! ఇరవైలో పధ్నాలుగు పోవాలి. నెల తిరిగేలోగా పోగొడతాను!"

ఆ పూటనుంచి గంజినీళ్ళు తప్ప ముట్టలేదు. తొమ్మిది రోజులు గడిచాయి. కళ్ళు తిరుగుతుండగా త్రాసెక్కాడు. నిజానికి ఒళ్ళు నాలుగు వీశెలు తగ్గింది. కానీ ఆ త్రాసు అడ్డకర్ర ఓడ స్తంభమంత లావు. నిండు దిమ్మ బరువు తేడా ఉంటే గాని కదలదు. దివాను సూరనమంత్రి తొంగి చూసి చెప్పాడు.

"ఇరవై దిమ్మలే ప్రభూ. పిసరంత కూడా తగ్గలేదు. ఊరి అదృష్టం!"

"తొమ్మిది రోజుల కడుపుమంటకు ఫలం ఇదా?" అని రాజు కూలబడ్డాడు. ఆ మధ్యాహ్నమే వంటశాలలో పులిహోర కలిపారు. పోపు ఘాటుకి ఆకాశంలో గద్దలు తుమ్మాయి. గంగాళం అడుగు కనిపించేదాకా రాజు చెయ్యి ఆగలేదు.

ఏడాది గడిచింది. బూడిదమ్మ మళ్ళీ వచ్చింది.

"అక్కగారికి ఎడమకన్ను పోయింది ప్రభూ. కుడికన్నుందట. దాంతో చూస్తారట."

ఈసారి రాజు బుద్ధిగా మొదలెట్టాడు. మితంగా తిన్నాడు. రోజూ తెల్లవారగానే కోట చుట్టూ నడిచాడు. నూరు రోజులయ్యాక త్రాసెక్కితే పద్దెనిమిది దిమ్మలు! రెండు దిగాయి. ఆ సంతోషంలో ఆగలేక, బూడిదమ్మ వెంట కొండెక్కాడు. మూడువేల మెట్లు. మెట్టుకొకసారి కూర్చున్నాడు, మలుపుకొకసారి పడుకున్నాడు. ఆయన చెమటకు కొండవాగు పొంగి దిగువ పొలాల్లో ఉప్పు పండింది.

మధ్యాహ్నానికి రాతిసందు చేరాడు. పక్కకు తిరిగాడు. భుజం పట్టింది. తల పట్టింది. పొట్ట దగ్గర ఆగిపోయాడు. అటు తోశాడు, ఇటు లాగాడు. కండువా చిరిగింది గాని, మనిషి దూరలేదు.

అంతలో అవతలినుంచి గొంతు వినబడింది.

"బూడిదమ్మా, నీ వెంట ఎవరే రొప్పుతున్నారు? తమ్ముడా? ఒరే మల్లప్పా, నువ్వేనట్రా?"

సందు వంపుకు అవతల, నాలుగడుగుల దూరంలో అక్క! నోరు తెరిచి "అక్కా" అంటే చాలు. కానీ రాజుకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇలా బండల మధ్య ఇరుక్కుని కనబడడమా? పూర్తిగా చిక్కాక, నిటారుగా నడిచి వెళ్ళి, ఒక్కసారిగా ఆమె ఎదుట నిలబడాలి. అంతవరకూ తెలియకూడదు.

పెదవులమీద వేలు పెట్టి, నోరెత్తవద్దని గాడిదకు సైగ చేశాడు. చప్పుడు కాకుండా వెనక్కి జరిగి, మెట్లు దిగిపోయాడు.

"తమ్ముడూ..." అని ఇంకోసారి పిలుపు వినబడింది. వెనుదిరగలేదు.

కోటకొచ్చి మంచమ్మీద పడ్డాడు. "నూరు రోజులకు రెండే దిమ్మలు. ఇంకా పన్నెండు! ఇది ఈ జన్మకు తేలే పని కాదు" అనుకున్నాడు. తగ్గిన రెండింటిని తలచుకోలేదు. మిగిలిన పన్నెండింటినీ రోజూ తలచుకున్నాడు. తలచుకున్నప్పుడల్లా దిగులు, దిగులు పుట్టినప్పుడల్లా ఆకలి. పోయిన రెండు దిమ్మలూ చుట్టాల్లా తిరిగొచ్చాయి.

ఇంకో రెండేళ్ళు గడిచాయి. మూడోసారి బూడిదమ్మ వచ్చింది.

"రెండో కన్నూ పోయింది ప్రభూ. ఇక చూడడానికి రానక్కరలేదట. ఒకసారి గొంతు వినిపించి పొమ్మన్నారు."

రాజు గోడకు తిరిగి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, గాడిదనే అడిగాడు.

"బూడిదమ్మా, వీపుమీద నూనె మోస్తూ రోజూ మూడువేల మెట్లు ఎలా ఎక్కుతావే?"

"మూడువేలా? అన్నున్నాయా?" అని గాడిద నోరు వెళ్ళబెట్టింది. "లెక్కలొస్తే గాడిదనెందుకవుతాను ప్రభూ? నా ముందు ఒక మెట్టుంటుంది. అది ఎక్కుతాను. తర్వాత మళ్ళీ ఒకటుంటుంది. తమరు మెట్టు ఎక్కుతూ పైనున్న మెట్లన్నీ కూడా వీపుకెత్తుకుంటారు. ఇరవై దిమ్మలకు తోడు ఆ బరువొకటా?"

"మధ్యలో ఒకరోజు మానితే?"

"మానిన మర్నాడు మళ్ళీ వస్తాను. నిన్న రాలేదు గనుక ఇవాళా రానంటే దీపం ఊరుకుంటుందా?"

ఆ మాట రాజు చెవిలో పడి, అక్కడే కూర్చుంది. మర్నాడు త్రాసును విప్పించి కొట్లో వేయించాడు. దివాను లబలబలాడాడు.

"అయ్యో ప్రభూ! మరి ఊరికి బెల్లం?"

"కొట్లో ఉన్న బెల్లం పంచడానికి నా ఒంటితో పనేమిటయ్యా? ఇంటికో అచ్చు ఇవ్వండి." అని రాజు నుదురు కొట్టుకున్నాడు. "ఇంత చిన్న మాట ఇన్నేళ్ళూ మనలో ఒక్కరికీ తోచలేదు, చూశావా?"

ఆ రోజు గాడిద వెంట పది మెట్లెక్కి దిగాడు. మర్నాడు పదకొండు. ఒకనాడు పెళ్ళివారింట బొబ్బట్లు కనబడితే పళ్ళెం మొత్తం ఖాళీ చేశాడు. మర్నాడు పొద్దున్నే మొహం వేలాడేసుకుని మళ్ళీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు. గాడిద తోక ఊపి ముందు నడిచింది. మామిళ్ళు పూశాయి, సీతాఫలాలు కళ్ళు విప్పాయి, మళ్ళీ మామిళ్ళు పూశాయి. ఒళ్ళు ఎంత తగ్గిందో రాజు కొలవలేదు. బట్టలు మాత్రం జారుతుండేవి. మెట్లు వందలయ్యాయి, వేలయ్యాయి.

చివరికి రాతిసందుకు మూడు మలుపుల దూరందాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు.

"ఇంకో మూడు మలుపులే ప్రభూ. ఇవాళ చూద్దాం రండి" అంది బూడిదమ్మ.

"పోయినసారి ఇరుక్కున్నది గుర్తులేదుటే? ఇంకాస్త చిక్కనీ. ఈ నెల పోనీ."

నెల పోయింది. ఇంకో నెలా పోయింది. రోజూ అక్కడిదాకా రావడం, అక్కడినుంచే దిగిపోవడం.

ఒకనాడు పైకి వెళ్ళిన బూడిదమ్మ త్వరగా తిరిగొచ్చింది. నూనెకుండలు నిండుగానే ఉన్నాయి.

"ఏమే, పోయకుండా తెచ్చావు?"

"పోసే చెయ్యి ఆగిపోయింది ప్రభూ."

రాజు పరుగెత్తాడు. మూడు మలుపులూ మూడు అంగల్లో దాటాడు. రాతిసందు దగ్గర ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి దూరాడు. బట్ట కూడా రాసుకోలేదు! రెండు పక్కలా జానెడేసి చోటు మిగిలింది. ఎన్ని నెలలనుంచి పట్టేవాడో ఏమో, ఆయన చూసుకుంటేగా!

అవతల, బండకు ఆనుకుని అక్క కూర్చునే ఉంది. ఒక చెయ్యి సందువైపు చాచి ఉంది. ఆ చెయ్యి రోజూ ఆనిన చోట రాయి నున్నగా అరిగి, అద్దంలా మెరుస్తోంది. ఇదొక్కటి నేను కలిపి చెప్పలేదర్రా, నిజంగానే అరిగింది.

"తమరు మాట్లాడకుండా దిగిపోయిన నాటినుంచీ ఇక్కడే కూర్చునేవారు ప్రభూ" అంది వెనక వచ్చిన బూడిదమ్మ. "'నేనెత్తి పెంచినవాడి ఊపిరి నాకు తెలీదుటే? అంత ఒళ్ళు వేసుకుని ఇంత కొండ ఎక్కాడు, అది చాలదా? దూరకపోతేనేం, చెయ్యి అందిస్తే పట్టుకుని కూర్చునేదాన్ని' అనేవారు."

"ఆ మాట నాతో ఒక్కనాడైనా అనలేదేమే!"

"నోరెత్తవద్దని తమరే వేలు చూపించారు. మళ్ళీ ఎత్తమని చెప్పలేదు. గాడిదను ప్రభూ, చెప్పింది చేస్తాను."

మల్లపరాజు ఆ చల్లబడిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "అక్కా, వచ్చాను" అన్నాడు. ఎంత గట్టిగా అన్నాడంటే ఏడు కొండలు మారుమోగాయి. వినవలసిన రెండు చెవులే వినలేదు.

పైన దీపం కొడిగట్టింది. లేచి వెళ్ళి, కుండ వంచి, తన చేత్తోనే నూనె పోశాడు.

ఆ తర్వాత కూడా రాజు రోజూ కొండెక్కాడు. "ఇప్పుడింకెవరికోసం ప్రభూ?" అని దివాను అడిగితే, "ఆలస్యంగానైనా నేర్చుకున్నాను, ఆ నడకైనా మాననీ" అనేవాడు. ఆరు దిమ్మలకు దిగాడో లేదో ఎవరికీ తెలియదు. ఎవరూ తూచలేదు.

సరే, ముందు కూర్చుని ఏడుస్తున్నది నువ్వేగా, కళ్ళు తుడుచుకో, లే. వీధి చివరింట్లో మీ సుబ్బత్త ఉంది చూడు, ఒళ్ళు బరువైందని సిగ్గుపడి ఆర్నెల్లుగా గడప దాటడం లేదు. ఈ మజ్జిగచెంబు పట్టుకెళ్ళి ఇవ్వు. ఇచ్చి ఊరుకోకు, చెయ్యి పట్టుకుని మన అరుగుదాకా నడిపించుకురా. రానని గింజుకుంటే నా మాటగా ఇది చెప్పు: "తగ్గాల్సింది ఎంతుందో చూస్తూ కూర్చోకు, ఇవాళ్టి అడుగు వెయ్యి, పూర్తయ్యాకే కనబడదామని దాక్కోకు, నీవాళ్ళు నీ బరువు చూడరు, నీకోసం చూస్తారు."