అన్నాలకి పిలిచిన పేరు

ఎవరైనా ప్రశ్న అడిగితే పేర్రాజు మాస్టారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చిన్న ప్రశ్నయితే కాసేపు ఆలోచించేవారు. పెద్ద ప్రశ్నయితే లేచి చెప్పులు వెతుక్కునేవారు. కాకినాడలో ఆయన దగ్గర నాటకం రాయడం నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. మాస్టారు చెప్పులు వెతుక్కుంటున్నారంటే జవాబు ఇంట్లో లేదని, ఆయన వెంట నడవాలని అర్థం.

ఆ ఆదివారం హైమ అడిగిన ప్రశ్నకి ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

హైమ ఆయన శిష్యురాలు. హైదరాబాదులో ఉండి ఒక టీవీ ఛానల్‌కి 'నిన్నటి వాకిలి' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ రాస్తోంది. అందులో ఒక వాకిలి ఉంటుంది. దాన్ని దాటినవాళ్ళు గడిచిపోయిన కాలంలోకి వెళతారు. తరళ, విరజ అని ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వరదలో కొట్టుకుపోయిన ఊరిని కాపాడడానికి తరళ వెనక్కి వెళుతుంది. ఊరు దక్కుతుంది కానీ, ఆ మార్పు వల్ల తరళ పుట్టుకే లేకుండా పోతుంది. అలా చెరిగిపోయినవాళ్ళు ఎవరి జ్ఞాపకంలోనూ మిగలరన్నది సీరియల్లో మొదటినుంచీ చెబుతూ వచ్చిన నియమం. కన్నతల్లికైనా ఇక ఒక్కతే కూతురు.

అంతవరకూ బాగానే నడిచింది. ఆ తర్వాత వచ్చిన ఒక ఎపిసోడ్‌లో తల్లి వంటింట్లోంచి, "తరళా, విరజా, అన్నాలకి రండే!" అని కేక వేసింది.

అది హైమ పొరపాటు. ముందు రాసుకున్న ప్రతిలో ఆ సన్నివేశం తరళ చెరిగిపోకముందే ఉండేది. తర్వాత దాన్ని ఆమె చెరిగిపోయాక వచ్చే ఎపిసోడ్‌లోకి జరిపినప్పుడు ఒక పేరు కొట్టేయడం మరిచిపోయింది. నటి కాగితంలో ఏముంటే అదే చెప్పింది. తీసినవాళ్ళు గమనించలేదు, ఎడిటింగ్‌లో కూర్చినవాళ్ళు గమనించలేదు. చూసినవాళ్ళు మాత్రం వదల్లేదు. నియమం తప్పిందని కొందరు, తల్లి మనసులో ఏదో మిగిలిందని కొందరు, తరళ అన్నది పక్కింటి పిల్ల పేరు కూడా అయ్యుండొచ్చని మరికొందరు, నెలల తరబడి ఇంటర్నెట్‌లో కొట్టుకున్నారు. ఛానల్‌వాళ్ళు విసిగిపోయారు. ఆ పేరు తీసేసి మళ్ళీ డబ్బింగ్ చెప్పించి కలిపేస్తామని, హైమ సరేనంటే చాలునని అన్నారు.

"సరేననడానికి నాకేం అభ్యంతరం లేదు మాస్టారూ" అంది హైమ. "తప్పు నాదే, దిద్దుకుంటాను. నాకు అర్థం కానిది ఒక్కటే. లేని వాకిలికి ఉన్న నియమాల గురించి, లేని పిల్ల పేరు గురించి, ఇంతమంది ఉన్న మనుషులు ఎందుకిలా తగవులాడుకుంటారు? వాళ్ళకి ఏం దొరుకుతుంది?"

మాస్టారు ఆమెను జగన్నాథపురం వంతెన అవతల ఉన్న ఒక మెస్సుకి తీసుకెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అక్కడ పదిమంది దాకా చేరి, గోడకున్న టీవీలో ఆ సీరియల్ పెట్టుకుని చూస్తారట, చూసినదాని గురించి పొద్దుపోయేదాకా వాదించుకుంటారట. మెస్సు యజమాని మాస్టారికి పాత స్నేహితుడు. "మా అమ్మాయి, హైదరాబాదు నుంచి వచ్చింది" అని మాత్రం చెప్పి, హైమను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, మాస్టారు మిరపకాయ బజ్జీల పళ్ళెం ముందుకు లాక్కున్నారు.

వాదన అప్పటికే మంచి ఊపులో ఉంది. ఒక పక్క లాయరు రెహనాగారు. నెరిసిన జుట్టు, కోర్టులో నిలబడ్డట్టే నిలబడడం. ఇంకో పక్క ఏసుపాదం అనే లెక్కల లెక్చరరు. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెత్తగా మాట్లాడతాడు.

"ఎవరికీ గుర్తుండనని తెలిసీ వెళ్ళింది గనకే ఆ పిల్లంటే నాకు గౌరవం" అంటున్నారు రెహనాగారు. "ఇప్పుడు అమ్మకి గుర్తుందని మీరంటే, ఆ పిల్ల చేసినదాంట్లో సగం తీసేసినట్టే. నియమం సడలించడానికి వీల్లేదు."

హైమ చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది. ఆ నియమం పెట్టింది తనే. అది తరళకి ఇచ్చిన గౌరవమని తనకి ఎన్నడూ తోచలేదు.

"గుర్తుందని నేనెప్పుడన్నానండీ? గుర్తులేదనే అంటున్నాను" అన్నాడు ఏసుపాదం. "మళ్ళీ ఒకసారి చూడండి."

అతను ఆ సన్నివేశం పెట్టాడు. తల్లి గరిటెతో అన్నం వడ్డిస్తూ ఇద్దరి పేర్లూ పెట్టి పిలిచింది. పిలిచాక గరిటె ఆపి, గుమ్మం వైపు చూసింది. ఒక్క క్షణమే. విరజ ఒక్కతే వచ్చి పీట మీద కూర్చుంది. తల్లి మళ్ళీ వడ్డించడంలో పడింది.

హైమ ఆ సన్నివేశాన్ని చాలాసార్లు చూసింది. పేరులోని తప్పే విన్నది గానీ, ఆ ఆగడాన్ని ఒక్కసారీ చూడలేదు.

"ఎవర్ని పిలిచిందో ఆవిడకే తెలీదు" అన్నాడు ఏసుపాదం. "జ్ఞాపకం పోయింది. నోటి అలవాటు పోలేదు. నియమంలో నోటి సంగతి చెప్పలేదు కదండీ."

"అసలు కననే లేదు కదయ్యా! అలవాటెక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు రెహనాగారు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

హైమ ఇక ఉండబట్టలేక లేచి నిలబడింది. "నన్ను క్షమించండి. ఆ సీరియల్ రాసేది నేనే. అందులో ఏమీ లేదు. ఒక పేరు కొట్టేయడం మరిచిపోయాను. అది ఉత్త పొరపాటు."

అందరూ ఆమె వైపు తిరిగారు. ఎవరి ముఖంలోనూ ఆమె భయపడిన నిరాశ లేదు. రెహనాగారు కుర్చీ జరిపి, "పొరపాటని మాకు మొదటి వారమే తెలుసమ్మా. కూర్చో, నిలబడ్డావెందుకు?" అన్నారు.

"తెలిసీ ఇన్ని నెలలు వాదించుకున్నారా?"

"చెరిగిపోయిన పేరు పొరపాటున కాక ఇంకెలా వస్తుందండీ?" అన్నాడు ఏసుపాదం.

అతను టీవీ ఆపేశాడు. తర్వాత అన్నాడు: "నేను తుని దగ్గర ఒక అనాథాశ్రమంలో పెరిగానండి. ఈ పేరు అక్కడివాళ్ళు పెట్టిందే. నన్ను కన్నావిడ ఎవరో, నాకోసం ఏ పేరైనా అనుకుందో లేదో నాకు తెలీదు. వెతకలేదు. కోపమూ లేదు. ఎక్కడో ఆవిడకి ఇల్లుండే ఉంటుంది, పిల్లలుండే ఉంటారు. వాళ్ళని అన్నాలకి పిలుస్తున్నప్పుడు ఒక పేరు ఎక్కువ వచ్చి, అదెందుకు వచ్చిందో తెలీక ఒక్క క్షణం ఆగి ఉంటుందా అని... మీ సీరియల్ చూసేదాకా నాకీ ఆలోచనే రాలేదండీ. వచ్చాక, అన్నం తినేటప్పుడు ఒంటరిగా అనిపించడం తగ్గింది. మీరెవరో తెలిస్తే థాంక్స్ చెప్పాలనుకునేవాణ్ణి. ఇన్నాళ్ళకి కుదిరింది."

హైమ చేతులు జోడించింది. రెహనాగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "నేను ఒప్పేసుకున్నానంటే ఈయన ఇంక నోరు విప్పడు. అందుకే ఒప్పుకోను" అన్నారు. వచ్చే వారం ఆధారాలతో వస్తానని ఏసుపాదాన్ని హెచ్చరించారు.

మెస్సు మెట్లు దిగుతూనే హైమ ఛానల్‌కి ఫోన్ చేసి, ఆ పిలుపు అలాగే ఉంచమంది. నియమం తప్పుతుంది కదా అని వాళ్ళు అడిగితే, తప్పనివ్వండి అంది. తర్వాత తల్లి వేషం వేసిన నటికి ఫోన్ చేసింది. ఆ ఒక్క క్షణం ఆగినందుకు కృతజ్ఞతలు చెబితే, ఆవిడ గట్టిగా నవ్వింది.

"అయ్యో, అది నటన కాదండీ! కథలో ఇప్పుడు నాకు ఒక్క కూతురే కదా, కాగితంలో రెండు పేర్లున్నాయేంటని అనుమానం వచ్చి, గుమ్మం పక్కనున్న డైరెక్టరుగారి వైపు చూశాను. ఆయన కానివ్వమన్నారు, కానిచ్చేశాను."

"అయినా సరే, మీకు థాంక్సండీ" అంది హైమ.

ఇద్దరూ వంతెన మీదికి వచ్చారు. కింద ఉప్పుటేరులో చేపల పడవలు తిరిగొస్తున్నాయి. వంతెన సగం దాటాక హైమ అడిగింది.

"మాస్టారూ, ఆయన చెప్పిన థాంక్స్ నేనెలా తీసుకోను? ఆ పిలుపు నేను కావాలని రాసింది కాదు. ఆవిడ కావాలని నటించిందీ కాదు. నిజం చెప్పాలంటే అక్కడ ఎవరూ ఎవర్నీ పిలవలేదు."

మాస్టారు నడక ఆపలేదు.

"పిలిచింది ఎవరో తర్వాత చూసుకుందాంలే అమ్మా" అన్నారు. "పలికినవాడు ఉన్నాడు కదా."