మానేసినవాళ్ళ పుస్తకం

గుంటూరు బ్రాడీపేటలో తన ఇంట్లోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పే దైవసహాయం మాస్టారికి ఒక వింత అలవాటు ఉండేది. ఊళ్ళోని కోచింగ్ సెంటర్లన్నీ ర్యాంకులు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలను ఫ్లెక్సీల మీద వేయించుకుంటుంటే, ఆయన తన తరగతి గది బయట ఒక పాత నోటుపుస్తకాన్ని పురికొసతో మేకుకు వేలాడదీసేవారు. చదువు మధ్యలో మానేసిన ప్రతివాళ్ళూ పోతూ పోతూ తమ పేరూ ఫోన్ నంబరూ అందులో సొంత చేత్తో రాసిపోవాలి. ఎవరైనా కొత్తగా చేరడానికి వస్తే, ఆ పుస్తకం చూపించి తాను టీ తాగడానికి వెళ్ళిపోయేవారు. ముసలాయనకు వ్యాపారం తెలియదని వీధంతా నవ్వుకునేది. శిష్యురాలు సుహాసిని కూడా నవ్వుకున్న మనిషే.

సుహాసినికి ఇరవై ఏడేళ్ళు. మాస్టారి దగ్గర చదువుకుని, ఇప్పుడొక ప్రైవేటు స్కూల్లో తానే ఇంగ్లీషు టీచరు. చైనా వెళ్ళి ఇంగ్లీషు చెప్పాలని ఆమెకు మహా సరదా. ఆ ఊళ్ళ పేర్లు మ్యాపులో వెతుక్కోవడం, రెండు పుల్లలతో ఉప్మా తినబోయి ఒళ్ళో పోసుకోవడం అన్నీ అయ్యాయి. అంతలో ఒక ఏజెన్సీ, అక్కడ ఉద్యోగం సిద్ధంగా ఉందని మెయిల్ పెట్టింది. వీసా సంగతంతా తామే చూసుకుంటామనీ, డిగ్రీ, బీఈడీ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవాళే కొరియర్ చేయమనీ అడిగింది. ఆ కాగితాలు చేయి జారితే అక్కడి కొలువు సరే, ఇక్కడి కొలువుకూ దిక్కుండదు. అయినా అంటించేసిన కవరు బ్యాగులో పెట్టుకుని, కొరియర్ ఆఫీసుకు పోతూ దారిలో మాస్టారి ఇంటి దగ్గర ఆగింది.

“మాస్టారూ, ఏజెన్సీ మంచిదో కాదో ఎలా తెలుసుకోవాలి?” అని అడిగింది.

అడిగిందే గాని, జవాబు తన దగ్గరే ఉందన్న ధీమాతో ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఇంగ్లీషు టీచర్లు మాత్రమే చేయగల పొరపాటు ఆమె చేసింది. ఏజెన్సీవాళ్ళు రాసిన పదకొండు మెయిళ్ళనూ పరీక్ష పేపర్లు దిద్దినట్టు దిద్ది, ఒక్క తప్పూ దొరక్కపోయేసరికి, మనుషులు కూడా అంతే నిఖార్సైనవాళ్ళని తేల్చేసుకుంది.

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని అన్నీ ఓపిగ్గా చదివారు. “బ్రహ్మాండంగా రాశాడు. రాసినవాడికి ఉద్యోగం ఇవ్వచ్చు,” అన్నారు.

అప్పుడే సత్తెనపల్లి నుంచి ఒకాయన కూతుర్ని చేర్పించడానికి వచ్చాడు. మాస్టారు ఎప్పటిలాగే పుస్తకం వైపు చెయ్యి చూపించి, ఫోన్ సుహాసినికి తిరిగిచ్చేసి, వీధిలోకి నడిచారు.

“ఇదేందమ్మా, చేరదామని వస్తే మానేసినోళ్ళ నంబర్లు చూపిస్తన్నాడు?” అని ఆ తండ్రి సుహాసినిని అడిగాడు. అతను పేజీలు తిరగేసి, చేతికందిన నంబరుకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు.

అవతల ఒక ఆడగొంతు మొహమాటం లేకుండా మాట్లాడింది. “ఆయనకి కోపం ఎక్కువండీ. గదిలో ఫ్యాను సరిగ్గా తిరగదు. నేను మూడో నెల్లోనే పారిపోయా.” కాస్త ఆగి, “మా చెల్లెల్ని మాత్రం అక్కడే చేర్పించా,” అంది.

తండ్రి గుమ్మంలోంచి గదిలోని ఫ్యాను వంక ఒకసారి చూశాడు. “చెప్పులిప్పి లోపలికి పదమ్మా,” అన్నాడు కూతురితో.

సుహాసినికి సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా ఆ పుస్తకం ముందు నుంచే తిరిగింది గాని, ఒక్కనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అరుగు మీద కూర్చుని ఏజెన్సీకి ఒక్క ముక్క రాసింది: మీ ద్వారా వెళ్ళి, మధ్యలో మానేసి వచ్చిన టీచరు ఎవరిదైనా ఒక నంబరు ఇవ్వగలరా?

అయిదు నిమిషాల్లో నంబరు వచ్చింది. అయితే అది అక్కడ హాయిగా పనిచేసుకుంటున్న టీచరుది. నేనడిగింది మానేసినవాళ్ళది అని సుహాసిని మళ్ళీ రాసింది. ఈసారి ఫోన్ మూగబోయింది. కొరియర్ ఆఫీసు మూసే వేళ దగ్గరపడుతోంది. ఆమె బ్యాగులోని కవరును బయటికి తీసి ఒకటికి రెండుసార్లు తడిమి చూసుకుంది. ఒక పక్క భయం, ఒక పక్క ఈ అవకాశం పోతుందేమోనన్న బెంగ.

మాస్టారు తిరిగొచ్చేసరికి జవాబు వచ్చింది. అందులోనూ ఒక్క తప్పు లేదు.

“మాస్టారూ, వాళ్ళ ద్వారా వెళ్ళినవాళ్ళలో ఇంతవరకు ఒక్కరు కూడా మానేయలేదట. సర్టిఫికెట్లు వెంటనే పంపమంటున్నారు. ఒక్కరూ మానేయలేదంటే మంచిదే కదండీ?” అంది ఆశగా.

మాస్టారు మేకుకు వేలాడుతున్న తన లావుపాటి పుస్తకాన్ని చూశారు. తర్వాత ఆమె చేతిలో నలుగుతున్న కవరును చూశారు.

“ఒక్కరు కూడా బయటికి రాలేదన్నమాట,” అన్నారు. “వాళ్ళ ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయో అడిగావా అమ్మాయ్?”